మీసాలున్నవన్నీ క్యాట్‌ఫిష్షేనా? మరి బ్యాన్ అయింది ఏది?

ముషీరాబాద్_పోరడు:

మృగశిర నాడు రాంనగర్ చేపల మార్కెట్‌కు పోయిన. ఆ రోజు సంగతి తెల్సు గదా, అడుగు పెట్ట జాగ ఉండదు. అమ్మ కొరమీను తెమ్మన్నది గని రేటు ఇంటె గుండె గుభేలుమన్నది. పక్కకు ఒక అవ్వ టబ్బుల నల్లటి మీసాల చేపలు పెట్టుకోని కూసున్నది. "మార్పులు బిడ్డా, ఒంటికి బలం, తీస్కపో" అన్నది. ఇంకో కాడ జెల్లలు. మంచుగడ్డ మీద పొడుగ్గ వాలుగ. నాలుగడుగులు అవతల ఫంగస్ అని తెల్లటి పెద్ద చేపలు. అన్నిటికీ మీసాలున్నయి, దేనికీ పొలుసు లేదు.

ఇగ నా డౌట్లు. ఇవన్నీ క్యాట్‌ఫిష్షేనా? క్యాట్‌ఫిష్ బ్యాన్ అంటరు, శివార్లల గుంతల మీద రైడ్ చేసిన్రని పేపర్ల వస్తది. మరి బాజాప్తగ ఎట్ల అమ్ముతున్నరు? రెండోది, మా ఆఫీసు కాడ ఒక హోటల్ల అపోలో ఫిష్ తింట. కొరమీను అని చెప్తడు. ముల్లు ఒక్కటి తగల్ది. మా దోస్తేమో అది పక్కా క్యాట్‌ఫిష్ అంటడు. ఎట్ల గుర్తుపట్టాలె? నేను కామర్స్ చదివిన, జర సాఫ్‌గ చెప్పుండ్రి.

కత్తిపీట:

తమ్మీ, చేపలు కోసుడే మా ఇంటి పని. అవ్వ కాడ ఉన్నయి మన మార్పులైతే ఏ బ్యాన్ లేదు. బ్యాన్ అయింది ఆఫ్రికా మార్పు. మనది మూరెడు దాటదు, అది పిలగాని అంత అయితది. రంగు గూడ తేడానే, దాని ఒంటి మీద బూడిద రంగుల నల్లటి మరకలు మరకలుంటయి. మిగిలింది మేడం వస్తె చెప్తది, ఆమెకు చేపల ముచ్చట అంటె ఆగదు.

ల్యాబ్‌మేడం:

ఆగనులే, పిలిచావు కాబట్టి అనుభవించు.

డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ప్రాక్టికల్స్‌కు కావాల్సిన చేపలు అటెండర్‌ను పంపితే కుళ్లినవి తెస్తాడని నేనే మార్కెట్‌కు పోయి ఏరుకునేదాన్ని. ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ చేపల తట్ట ముందు నిలబడితే కొనేది తక్కువ, తిరగేసి చూసేది ఎక్కువ. అమ్మేవాళ్లు నన్ను చూడగానే మొహం తిప్పుకుంటారు.

బాబూ, ముందు బ్యాన్ సంగతి. ఈ క్యాట్‌ఫిష్‌ల్లో నిషేధం ఒక్క చేప మీదే ఉంది. క్లారియస్ గారిపైనస్, కత్తిపీట చెప్పిన ఆఫ్రికా మార్పు. 2000లో కేంద్ర ప్రభుత్వం దాని పెంపకాన్ని ఆపేయమంది. అది దొరికిందల్లా తింటుంది, మీటరు దాటి పెరుగుతుంది. వానాకాలం గట్టు తెగి వాగులో పడిందంటే అక్కడి చిన్న చేపల్ని బతకనివ్వదు. పైగా దాన్ని పెంచేవాళ్లు చాలామంది మురికి గుంతల్లో కోళ్ల పేగులు, కబేళా వ్యర్థాలు వేసి పెంచుతారు. రైడ్ల వార్తల్లో నువ్వు చూసేది ఆ గుంతలే. పేపరువాళ్లు హెడ్డింగులో 'క్యాట్‌ఫిష్' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, దాంతో జనం ఆ అవ్వ టబ్బును కూడా అనుమానంగా చూస్తున్నారు.

క్యాట్‌ఫిష్ అనేది ఒక చేప పేరు కాదు. సిలురిఫార్మిస్ అని ఒక క్రమం, అంటే చాలా చేప కుటుంబాలు కలిసిన పెద్ద గుంపు, ఉంది. అందులో 40 దాకా కుటుంబాలు, 4,000కు పైగా జాతులు. అంటార్కిటికా వదిలేస్తే అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి, ఎక్కువ భాగం మంచినీళ్లలోనే. నువ్వు ఆ రోజు ఒక్క వరుసలో చూసిన నాలుగు రకాలూ నాలుగు వేర్వేరు కుటుంబాలు.

ఇక గుర్తుపట్టడం. అందరూ మీసాలే చూస్తారు, నేను మాత్రం మీసాల మీద నుంచి చూపు తియ్యమంటాను. మార్పుకు నాలుగు జతల మీసాలు, దానిలాగే కనబడే ఇంగిలాయికి నాలుగు జతలు, జెల్లకూ నాలుగు జతలు. మూడూ మూడు కుటుంబాలు. వాలుగకు రెండు జతలు, ఫంగస్‌కూ రెండే జతలు, అవీ వేరే వేరే. మీసాలు లెక్కపెడుతూ కూర్చుంటే తేలదు. వెన్ను చూడు.

వెన్ను మీది రెక్క తల వెనక మొదలై తోక దాకా ఒకటే పొడుగ్గా సాగిందా? దాన్ని వేలితో నిమిరితే ఎక్కడా గట్టి ముల్లు తగల్లేదా? అది మార్పు, క్లారిడే కుటుంబం. తల పైన నొక్కి చూడు, చర్మం కింద నేరుగా గట్టి ఎముక పలక తగులుతుంది. అచ్చం అలాగే ఉండి, వెన్ను రెక్క మాత్రం వేలి గోరంత ఉంటే అది ఇంగిలాయి, హెటెరోప్న్యూస్టిడే. మార్కెట్‌లో ఈ రెండింటినీ ఒకే టబ్బులో కలిపి ఒకే పేరుతో అమ్ముతారు. చేయి పెట్టేముందు వెన్ను చూసుకోవడం నీకే మంచిది. ఎందుకో కత్తిపీట చెప్తాడు.

వాలుగ సిలురిడే కుటుంబం. వెన్ను రెక్క చిన్నది, ముల్లు లేనిది. కానీ ఒళ్లు పక్కలకు నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది, కడుపు కింది రెక్క దాదాపు తోక దాకా పోతుంది. నోరు తెరిచి చూడు: నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోయి ఉంటుంది. లోపల సన్నటి పళ్ల పట్టీలు, అన్నీ లోపలికే వంగి ఉంటాయి. చేప లోపలికి పోవాల్సిందే, బయటికి రావడం ఉండదు. ఒకప్పుడు గోదావరి వాలుగ ఎంత కావాలంటే అంత దొరికేది. ఇప్పుడు ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ దాన్ని ముప్పులో ఉన్నవాటి (వల్నరబుల్) జాబితాలో పెట్టింది.

జెల్లకు వెన్ను మీద రెండు రెక్కలుంటాయి. ముందుది ముల్లున్న రెక్క. వెనకది వట్టి మెత్తటి మడత, లోపల ఎముక కాడలు ఏమీ ఉండవు. దాన్ని కొవ్వు రెక్క అంటాం. బాగ్రిడే కుటుంబానికి ఇది గుర్తు. పెద్ద జెల్ల దొరికితే ఆ కొవ్వు రెక్క వెనక చివర నల్లటి మచ్చ కోసం చూడు, స్పెరాటా అనే పెద్ద రకానికి అది ఉంటుంది. ఫంగస్‌కు కూడా ముల్లు రెక్కా, చిన్న కొవ్వు రెక్కా ఉంటాయి కానీ మీసాలు పొట్టివి, కడుపు కింది రెక్క బాగా పొడుగు. అది పంగాసిడే. మెకాంగ్ నది చేప, 1990ల మధ్యలో బంగ్లాదేశ్ మీదుగా బెంగాల్‌కు వచ్చి అక్కడి నుంచి ఆంధ్రా చెరువులకు పాకింది.

అపోలో ఫిష్ గురించి చెప్పాలంటే, ఈ హైదరాబాద్ వంటకం ఒకప్పుడు కొరమీనుతో చేసేవాళ్లు, ఇప్పుడు చాలా చోట్ల బాసా ముక్కలు. బాసా పేరుతో మనకు దొరికేది ఎక్కువగా ఈ ఫంగస్సే. ముల్లు తగల్లేదు కాబట్టి కొరమీను అనుకోవడానికి వీల్లేదు. రవ్వలో, బొచ్చెలో కండ మధ్య దాగి గొంతుకు అడ్డంపడే సన్నటి చీలిక ముళ్లు ఉంటాయి చూడు, అవి క్యాట్‌ఫిష్ క్రమంలోనే లేవు. నడి ముల్లు, పక్కటెముకలు తీస్తే మిగిలేదంతా కండ. అందుకే హోటళ్లవాళ్లకు అంత ప్రేమ. కార్న్‌ఫ్లోర్, కరివేపాకు, పెరుగు పట్టాక కంటితో ఎవరూ చెప్పలేరు. తోలుతో ఉన్న ముక్క చూపించమను. కొరమీను పొలుసు తీసినా తోలు మీద గళ్లు గళ్లుగా ఆనవాలు ఉంటుంది. క్యాట్‌ఫిష్ తోలు నున్నగా, వట్టిగా ఉంటుంది.

అన్నట్టు నాంపల్లి చేప మందులో వేసేది కొరమీను పిల్లే. క్యాట్‌ఫిష్ అని ఈ మధ్య ఎవరో వాట్సాప్‌లో తిప్పుతున్నారు, నమ్మకండి.

కత్తిపీట:

మేడం ఇంగిలాయి ముచ్చట నాకిడిసింది. దాని పక్క రెక్కల కాడ రెండు దిక్కుల ముళ్లుంటయి. గుచ్చిందంటె చెయ్యి మొత్తం పోట్లు పోట్లు. మా చిన్నాయిన ఒకసారి పిడికిట్ల పట్టుకోని నడి మార్కెట్ల ఏడ్చిండు, అంత మొగోడు. మా అమ్మ వేడి నీళ్లల్ల చెయ్యి ముంచి కూసోబెట్టింది, కొంచెం సేపైనంక తగ్గింది.

ఇంకోటి. మార్పు, ఇంగిలాయి పొద్దున తెచ్చినయి సాయంత్రం దాక తడిగోనె కింద బతికే ఉంటయి. రవ్వ అయితె పది నిమిషాలల్ల ఖతం. కోసేటప్పుడు ఇంగిలాయి వీపు కండల గాలి గొట్టం లెక్క ఒకటి తెగుతది, తోక దాక ఉంటది. అది ఏంది మేడం? నేను పేగు అనుకునేటోన్ని, కని పేగు కడుపుల ఉంటది గద.

ల్యాబ్‌మేడం:

కత్తిపీటా, నీ ప్రశ్నకు మా కాలేజీలో అయితే పది మార్కులు. అది ఇంగిలాయి ఊపిరి సంచి. మొప్పల గది నుంచి బయలుదేరి, వెన్నెముకకు రెండు పక్కలా కండలోపల నుంచి తోక వైపుకు పోతుంది. ఒకటి కాదు, జంట. నీ కత్తి ఒక పక్కనే పోతుంది కాబట్టి ఒకటే కనబడుతోంది. ఈసారి రెండో పక్క కూడా చీల్చి చూడు.

మార్పు వేరే దారి పట్టింది. దాని మొప్ప మూత ఎత్తి, పైభాగంలో చూడాలి. రెండవ, నాలుగవ మొప్ప కమ్మీల పై కొసల నుంచి కొమ్మలు కొమ్మలుగా, ఎర్రగా, చిన్న గోబీపువ్వులాంటిది లేచి ఉంటుంది. దాని నిండా రక్తనాళాలే. పైకొచ్చి గాలి గుక్క తీసుకుని ఆ గదిలో నింపుకుంటుంది. నేను పిల్లలకు ఫార్మలిన్ సీసాలో తెల్లబడిపోయినది చూపించేదాన్ని కాదు, తాజాది తెచ్చి చూపించేదాన్ని, ఆ ఎరుపు చూడకపోతే అది ఊపిరి అవయవం అని ఎవరూ నమ్మరు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే ఎండాకాలపు చెరువుల్లో ఈ రెండూ ఎట్లా నెగ్గుకొస్తాయో ఇందులోనే ఉంది. టబ్బులో నీళ్లు నాలుగు వేళ్ల లోతు పోసి పెట్టేది కూడా అందుకే, చేప నోరు పైకి అందాలి.

ముల్లు సంగతి. జెల్లను కొన్నప్పుడు చచ్చినదాన్ని ఒకటి తీసుకుని వెన్ను ముల్లును వెనక్కి నొక్కి చూడు. ఒక్కోసారి వంగనే వంగదు. దాని మొదట్లో ముందు వైపు గింజంత పొట్టి ముల్లు ఒకటి ఉంటుంది, అదే గడియ. అది పక్కకు జరిగితేనే పెద్ద ముల్లు దిగుతుంది. పక్క ముళ్లకు గడియ వేరే రకం, భుజం ఎముక గుంటలో మెలి తిరిగి బిగుసుకుంటుంది. కొంగ మింగబోయినా మూడు దిక్కులా ముళ్లు నిగిడి నిలుస్తాయి, ఇందుకోసం కండరం బిగబట్టి ఉంచాల్సిన పని కూడా లేదు. జెల్లను నీళ్లలోంచి తీస్తే కిర్రుకిర్రుమంటుంది కదా? అది నోటి అరుపు కాదు. పక్క ముల్లు మొదట్లో ఉన్న గరుకు గీతలు ఆ గుంటకు రాసుకుని వచ్చే చప్పుడు.

ముషీరాబాద్_పోరడు:

మేడం దండం. ఇప్పుడు దోస్తుకు చెప్పనీకి మస్తు మాటలు దొరికినయి. మరి మీసాలు దేనికి? ఊకెనే ఉన్నయా? మురికి తినే చేపలు అంటరు గదా, మీసాలతోని బురద వెతుక్కుంటయని.

ల్యాబ్‌మేడం:

మీసాలు వట్టివి అనలేదు బాబూ, కుటుంబం చెప్పవు అన్నాను.

మనకు రుచి నాలుక మీద తెలుస్తుంది. వీటికి మీసాల మీద, పెదాల మీద, ఒంటి తోలు మీద కూడా రుచి మొగ్గలుంటాయి. అమెరికాలో పెంచే చానల్ క్యాట్‌ఫిష్ ఒంటి మీద అవి లక్షకు పైనే. పై దవడ ఎముక చాలా చేపల్లో పళ్లు పట్టుకుని ఉండే పెద్ద ఎముక. క్యాట్‌ఫిష్‌ల్లో అది చిక్కిపోయి మీసం మొదలుకు ఆసరాగా మిగిలింది. మీసాన్ని ఆడించడానికి కండరాలు వేరే ఉన్నాయి. జెల్ల వాటిని ముందుకు చాచేది, వెనక్కి మడిచేది చూస్తే తెలుస్తుంది. బురద నీళ్లల్లో, చీకట్లో కంటితో పనిలేకుండా వేటాడతాయి.

మురికి మాట నాకు నచ్చదు. ఒక గుంత కంపు చూసి నాలుగు వేల జాతుల మీద పేరు వేస్తారా? వాలుగ ఎక్కువగా బతికున్న చేపల్ని వేటాడి తింటుంది. ఫ్రాన్స్‌లో ఆల్బీ అనే ఊరి దగ్గర టార్న్ నదిలో యూరప్ పెద్ద క్యాట్‌ఫిష్ ఇసుక మీదికి ఎగబడి, నీళ్లు తాగుతున్న పావురాల్ని పట్టి నీళ్లలోకి లాక్కుపోతుంది. 2012లో దీని మీద పరిశోధన పత్రం వచ్చింది, నాలుగింట ఒకసారికి పైగా వేట ఫలించిందట. అమెజాన్‌లో డొరాడో క్యాట్‌ఫిష్ ఆండీస్ కొండల పాదాల నుంచి సముద్రం ముఖద్వారం దాకా పోయి తిరిగొస్తుంది, రానూపోనూ 11,600 కిలోమీటర్ల దాకా. ఆఫ్రికాలో ఒకటి 350 వోల్టుల దాకా షాక్ కొడుతుంది. ఈజిప్టు తొలి రాజుల్లో నార్మర్ పేరు రాసేటప్పుడు వాడే బొమ్మల్లో క్యాట్‌ఫిష్ ఒకటి. మురికి తినేదాన్ని రాజు తన పేరులో పెట్టుకుంటాడా?

చెవి గురించి కూడా ఒక మాట చెప్పనీ, లేకపోతే నాకు నిద్ర పట్టదు. చేప నీళ్లలో తేలడానికి ఒంట్లో ఉండే గాలి తిత్తికీ లోపలి చెవికీ మధ్య వీటికి చిన్న చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, మొదటి వెన్నుపూసల ముక్కలే అవి. నీళ్లలో చప్పుడుకు తిత్తి అదురుతుంది, ఆ అదురు ఈ ఎముకల మీదుగా చెవికి చేరుతుంది. 1820లో వేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వర్ణించాడు, ఆయన పేరే పెట్టారు. ఇది రవ్వకూ బొచ్చెకూ కూడా ఉంది. అంటే మీసాల చేపకూ పొలుసు చేపకూ దూరపు చుట్టరికం ఉంది. కొరమీనుకు ఈ గొలుసు లేదు. మార్పూ కొరమీనూ రెండూ గాలి పీలుస్తాయి, పక్కపక్క టబ్బుల్లో ఉంటాయి, చూడ్డానికి నల్లగా పొడుగ్గా ఉంటాయి, అయినా మార్పుకు దగ్గరి బంధువు కొరమీను కాదు, రవ్వ! మా క్లాసులో ఈ ముక్క దగ్గర ప్రతి ఏడూ ఎవరో ఒకరు గొడవ పెట్టుకునేవాళ్లు.

గ్లాస్‌ట్యాంక్:

మేడం, మా ఇంట్లో అక్వేరియంలో అద్దానికి అతుక్కుని పాచి తినే సక్కర్ ఉంది. అదీ క్యాట్‌ఫిష్ అంటారు. కానీ దాని ఒళ్లంతా పొలుసులే. ఇంకో రెండు చిన్న 'షార్కులు' కూడా తెచ్చాం, వెండి రంగులో భలే ఉన్నాయి. సక్కర్ మాత్రం ట్యాంకులో పట్టడం లేదు, పక్కన చెరువులో వదులుదామా అని మా ఆయన అంటున్నారు.

ల్యాబ్‌మేడం:

వదలొద్దమ్మా, ముందు అది ఆపు. తర్వాత కథ చెప్తా.

సక్కర్ లోరికారిడే కుటుంబం, దక్షిణ అమెరికాది. క్యాట్‌ఫిష్‌ల్లో అన్నిటికన్నా పెద్ద కుటుంబం అదే, దాదాపు వెయ్యి జాతులు. దాని ఒంటి మీదివి పొలుసులు కావు, ఎముక పలకలు. వేలితో తోక నుంచి తలవైపుకు రాస్తే గరగరలాడుతుంది చూడు, ఆ పలకల మీద పంటి లాంటి కట్టడంతోనే సన్నటి మొనలుంటాయి. కంటిపాప చుట్టూ పై నుంచి ఒక రేకు దిగి వెలుతురు ఎక్కువైనప్పుడు పాపను సగం మూస్తుంది, ట్యాంకు లైటు వేసి పరీక్షగా చూడు. నీళ్లు చెడితే గాలి మింగి పొట్టలోనే ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే ఏ మురికి చెరువులో వేసినా చావదు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, వలల్ని చింపుతుంది. జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. పెద్ద ట్యాంకున్నవాళ్లకు ఇచ్చెయ్, అమ్మిన షాపువాడినైనా అడుగు.

నీ షార్కులు షార్కులు కావు. అది ఫంగస్ పిల్ల! పైన పోరడు మంచుగడ్డ పక్కన చూశానన్న తెల్లటి పెద్ద చేప చిన్నప్పుడు అట్లాగే వెండిలా మెరుస్తుంది. మీటరు దాటి పెరిగే రకం. దాని దగ్గరి చుట్టం, మెకాంగ్ రాక్షస క్యాట్‌ఫిష్, 2005లో థాయ్‌లాండ్‌లో 293 కిలోలది దొరికింది. నీ ట్యాంకు సైజు ఎంతో చెప్తే వాటిని ఎన్నాళ్లు ఉంచుకోవచ్చో మాట్లాడదాం.

గ్లాస్‌ట్యాంక్:

రెండున్నర అడుగులు మేడం. మా ఆయనకు ఇప్పుడే చదివి వినిపించా. షార్క్ అని డబుల్ రేటు తీసుకున్నాడట, మొహం మాడిపోయింది.

ల్యాబ్‌మేడం:

రెండున్నర అడుగుల్లో అవి పెద్దవి కాలేవమ్మా, ఉలిక్కిపడి అద్దానికి మూతి కొట్టుకుంటాయి కూడా. గుంపుగా తిరిగే నది చేపలు. ఈ నెలలోనే ఎవరికైనా ఇచ్చెయ్. చిన్న ట్యాంకుకు క్యాట్‌ఫిష్షే కావాలంటే కోరిడోరస్ తెచ్చుకో. రెండంగుళాలు, ఒంటి పక్కన రెండు వరుసల పలకలు, పైకొచ్చి గాలి మింగి పేగుతో ఊపిరి తీసుకుంటుంది. ఒక్కటి తేవద్దు, అరడజను తే. కింద సన్నటి ఇసుక వెయ్యి, గరుకు కంకరైతే మీసాలు అరిగిపోతాయి.

ముషీరాబాద్_పోరడు:

నేను ఇచ్చిన పోస్టు ఏడికో పోయింది గని మస్తుగుంది. మేడం, ఊరికే అడుగుత, కండ్లు లేని క్యాట్‌ఫిష్ గూడ ఉంటదా? ఏదో వీడియోల చూసిన, ఎర్రగ వానపాము లెక్కుంది.

ల్యాబ్‌మేడం:

ఉంది, మన దేశంలోనే ఉంది. కేరళలో లాటరైట్ అనే ఎర్రరాతి నేల కింది నీళ్లల్లో బతుకుతుంది, బావి తోడినప్పుడు బకెట్‌లో పడుతుంది. హొరాగ్లానిస్ అంటారు. కళ్లు లేవు, రంగు లేదు, తోలు కింద రక్తం ఎరుపు కనబడుతుంది. మార్పు కుటుంబమే. వెన్ను రెక్క పొడుగ్గా ఉంటుంది, నేను చెప్పిన గుర్తు అక్కడా పనిచేస్తుంది.

కత్తిపీట:

మేడం, ఇంగిలాయి రెండో పక్క గూడ చీరి చూసిన. ఉంది. ఇన్నేండ్లు కోసిన గని ఎప్పుడు చూడలె. తమ్మీ, ఆదివారం పొద్దున ఆరు లోపల రా, ఎనిమిది దాటితె మంచి జెల్లలు ఉండయి. వచ్చినంక ఫోను చెయ్యకు, తడిచేతులుంటయి, నేరుగ లోపలికి రా. మార్పు తీసుకుంటె బూడిద పెట్టి రుద్ది జిగురు తీసి ఇస్త, ఇంట్ల అమ్మకు ఆ పని పెట్టకు.